లండను పార్కులో విజయనగరపు నీరు

పరదేశము పోయి వచ్చినవారిని మన ఊళ్ళలో మూడు ప్రశ్నలు అడుగుదురు. ఎక్కడ దిగినారు, ఏమి చూచినారు, ఎంత అయినది. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పినచో మొదటి రెండింటి రుచి చెడిపోవును గనుక దానిని ప్రక్కన పెట్టుచున్నాము. మిగిలిన రెండింటిని గురించియే ఈ ప్రసంగము.

2019 వేసవిలో మేమును మా ఇంటావిడయు ఇంగ్లండులో పదునెనిమిది దినములు ఉండి వచ్చినాము. అక్కడి కోటలు, చర్చిలు, మ్యూజియములు చూడవలెనని ఎవరైనను పోవుదురు. మాకు మాత్రము వాటన్నిటికంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉండెను. అది మా నాన్నగారు ఒప్పగించిన పని.

నాన్నగారు విజయనగరములో బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. మేము బయలుదేరునాటికి వారికి ఎనుబదియైదవ ఏడు. దక్షిణమున మద్రాసు, ఉత్తరమున కాశి దాటి వారు ఎన్నడును పోలేదు. అయినను లండనును గురించి రెండు సంగతులు వారికి కంఠస్థము. విజ్జీ అని లోకమెరిగిన విజయనగరం మహారాజకుమారుడు 1936లో భారత క్రికెట్టు జట్టుకు నాయకుడై ఇంగ్లండు పోయి, ఆ పర్యటనలో ఉండగనే సర్ బిరుదము పొందుట మొదటిది. ఆట సంగతి వేరు. మూడు టెస్టులలో రెండు ఓడినాము. జట్టులో కలహములు కూడ చాలినన్ని. అవి నాన్నగారు చెప్పరు. తరువాతి కాలమున విజ్జీ రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యానము చేయుచుండగా ప్రక్కయింటి అరుగుమీద కూర్చుండి విన్న సంగతి మాత్రము చెప్పుదురు. ఆ ఇంగ్లీషు సగము అర్థమయ్యేది కాదట. మన ఊరివాని గొంతు గాలిలో తేలి వచ్చుచున్నదని సంతోషమట.

రెండవది హైడ్ పార్కులోని నీటి కుళాయి. విజయనగర ప్రభువు విజయరామ గజపతిరాజు లండను పౌరుల దాహము తీర్చుటకై 1867లో తన ద్రవ్యముతో ఆ పార్కులో పెద్ద కుళాయి మంటపమును కట్టించినారు. ఈ సంగతి నాన్నగారికి వారి చిన్ననాటి ఉపాధ్యాయుడు చెప్పినాడు. వారు తమ బడిలో రెండు తరముల పిల్లలకు చెప్పినారు. మేము విమానము ఎక్కబోవు ముందు వారు మమ్ము పిలిచి, "ఒరే నాయనా, ఆ నీరు ఒక గుక్కెడు త్రాగి రండి. ఫొటో ఒకటి తీయండి" అన్నారు. ఇంకేమియు కోరలేదు.

హోటలు అను మాటలోనే మొదటి చిక్కు. మన వైపు హోటలనగా ఇడ్లీ, అట్టు, కాఫీ దొరకు చోటు, పండుకొనుటకు లాడ్జి. శ్రీకాకుళములో బస్సు దిగి హోటలెక్కడ అని అడిగినచో భోజనమునకే దారి చూపుదురు. ఇంగ్లండులో హోటలు ముఖ్యముగా నిద్రకు. రాత్రియంతయు విమానములో కూర్చుండి, ఉదయము తొమ్మిది గంటలకు పాడింగ్టను స్టేషను దాపున మేము బస కుదుర్చుకొన్న చోటు చేరినాము. ఆకలి దహించుచున్నది. బల్లవెనుక నున్న యువకుని, దగ్గరలో మంచి హోటలు ఉన్నదా అని అడిగినాము. అతడు మా పెట్టెలవంక, మావంక చూచి, తమరు నిలుచున్నది హోటలేనండీ అని మర్యాదగా మనవి చేసినాడు.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. మన లాడ్జీలలో ఏ వేళకు వచ్చినను గది తాళము ఇత్తురు. అప్పటినుండి ఇరువదినాలుగు గంటలు లెక్క. అక్కడ మధ్యాహ్నము మూడు గంటలకు గాని గది ఇయ్యరు, మరునాడు పదకొండు గంటలకు ఖాళీ చేయవలెను. వేడుకొన్నను లాభము లేదు. క్షమించుడని పదిసార్లు చెప్పుదురు, తాళము మాత్రము ఇయ్యరు. పెట్టెలను మెట్లక్రింది మూలలో పెట్టుకొనుటకు అనుమతించినారు. నిద్రలేని కన్నులతో వీధిలో పడినాము. అట్లు గది దొరకకపోవుటచేతనే మొదటిదినమే, మొదటి గంటలోనే, నాన్నగారి పనికి బయలుదేరినాము. హైడ్ పార్కు అక్కడికి నడకదూరము.

పార్కు అనిన మనకు తోచునది నాలుగు పూలమళ్ళు, ఒక సిమెంటు బల్ల. అది అట్టిది కాదు. మహానగరము నడుమ ఒక పచ్చని బయలు. గుఱ్ఱములు తిరుగుటకు దారులు, పడవలు తిరుగుటకు పెద్ద కొలను. ఈశాన్యపు మూలలో మార్బుల్ ఆర్చి అను పాలరాతి తోరణము. ఆ తోరణము సైతము వలసవచ్చినదే. బకింగ్‌హాం రాజభవనము ఎదుట కట్టిన దానిని 1851లో విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టినారు. అంత పెద్ద తోరణమును రాయి రాయిగా విప్పి మరల కూర్చినవారు మన రాజుగారి కుళాయిని ఎంత భద్రముగా ఉంచుకొనియుందురో అని ఆశతో నడచినాము.

తోటపనివానిని అడిగినాము. కుక్కను త్రిప్పుచున్న ఒక వృద్ధుని అడిగినాము. టీ అమ్ము అమ్మాయిని అడిగినాము. ఆమె క్రొత్తరకపు కుళాయి నొకదానిని చూపినది. అది కాదమ్మా, గోపురమువలె శిఖరము గలది, నూటయేబది ఏండ్లనాటిది అన్నాము. ఆమె తల త్రిప్పినది. పార్కు ఉత్తరపు అంచున బండ్లు పోవు బాట వెంట రెండు మారులు తిరిగినాము. చివరకు మా ఇంటావిడ కంటబడినది, కుళాయి కాదు, ఒక రాయి. ఇక్కడ 1867 మొదలు 1964 వరకు విజయనగరం మహారాజావారు దానమిచ్చిన త్రాగునీటి కుళాయి ఉండెడిదని అర్థము వచ్చు మాటలు దానిమీద చెక్కియున్నవి.

అది నిలిచి తొంబదియేడు సంవత్సరములు. మేము వచ్చుటకు ఏబదియైదు ఏండ్లు ముందే దానిని తొలగించినారు. నాన్నగారు బడిలో పాఠము చెప్పుచుండగనే ఇక్కడ పని ముగిసినది. వారు ఏండ్ల తరబడి లేని కుళాయిని ఉన్నదని పిల్లలకు చెప్పినారు. మా ఇంటావిడ సంచిలోని సీసాతీసి ఆ రాతిమీద నీరు కొంచెము పోసి, చేతిరుమాలుతో అక్షరముల ధూళి తుడిచినది. ఫొటో తీసినాము. ఇది మామయ్యగారికి చూపించడమెలాగండీ అన్నది. అప్పటికి మాకు తోచలేదు.

ఆ కుళాయి పుట్టుకను కొంచెము చెప్పవలెను. నూటడెబ్బది ఏండ్ల క్రిందట లండను నీరు విషతుల్యముగా ఉండెడిది. 1854లో బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు నీటివలననే కలరా ప్రబలినదని జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటి చావుల లెక్క తీసి చూపినాడు. పేదవానికి మంచినీరు ఉచితముగా దొరకవలెనని 1859లో అక్కడి దాతలు సంఘముగా ఏర్పడి వీధి కుళాయిలు కట్టించసాగినారు. వాటిలో మొదటిది సెయింట్ సెపల్కర్ చర్చి గోడలో నేటికిని ఉన్నది. గొలుసులతో కట్టిన లోహపు గిన్నెలతో సహా మేము కన్నులార చూచినాము. కొలది ఏండ్లకే ఆ సంఘము మనుష్యులతోబాటు పశువులకు కూడ తొట్టెలు కట్టించినది. చలివేంద్రమును, పశువుల కుడితితొట్టిని ఎరిగిన మనవారికి ఇది క్రొత్త ధర్మము కాదు. విజయరామ గజపతి దానము చేసినది ఈ సంఘము చేతులమీదుగనే.

అయితే ఆ రాతి ప్రక్కన బల్లమీద కూర్చుండగా వేరొక లెక్క మనసుకు వచ్చినది. 1866లో గంజాము, శ్రీకాకుళము ప్రాంతములు ఘోరమైన కరవు పాలైనవి. దాని మరుసటి ఏడే ఇచట ఈ కుళాయి. కరవునాడు రాజుగారు మన వైపు ఏమియు చేయలేదని మేము అనుటలేదు; ఆ వంశమువారి సత్రములు, బడులు, ధర్మములు ఎన్నో కలవు. కాని ఏలువారి రాజధానిలో పేరు నిలుపుకొనుట ఆనాటి సంస్థానాధీశులకు దానము మాత్రమే కాదు, రాజ్యనీతి. పేరు నిలుచుటకై కట్టిన రాయి పడిపోయినది. నీరు త్రాగినవారు కృతజ్ఞులో కారో ఎవరికి తెలియును?

మధ్యాహ్నము మూడు గంటలకు గది దొరకినది. ఆ వీధులలో ఇండ్లన్నియు ఒకే గోడగా కలిసి నాలుగైదు అంతస్తులుగా ఉండును. విక్టోరియా రాణి కాలమున అవి కలవారి నివాసములు. నేడు చాలవరకు చిన్న హోటళ్ళు. మా గది నాలుగవ అంతస్తులో. లిఫ్టు లేదు. మెట్లు మన దేవాలయ గాలిగోపురము మెట్లవలె ఇరుకు. గదిలో మంచము పోగా మిగిలిన చోటు పెట్టె తెరచుటకు చాలదు. ఒకరు పెట్టె తెరచినచో రెండవవారు మంచమెక్కవలెను. కాని దుప్పటి మల్లెపువ్వు. కిటికీక్రింద ఇనుపగొట్టములలో వేడినీరు పారి గది వెచ్చబడును. చిన్న బల్లమీద కరెంటు కెటిలు, టీపొడి పొట్లములు, బొటనవ్రేలంత డబ్బాలలో పాలు. అతిథి అడుగకుండగనే టీ సరంజామా గదిలో ఉంచుట మాకు మిక్కిలి నచ్చినది.

స్నానపు గది వేరు కథ. చేతులు కడుగు పళ్ళెమునకు వేడినీటి కుళాయి ఒక ప్రక్క, చన్నీటి కుళాయి ఒక ప్రక్క. ఒక చేయి కాలును, ఒక చేయి కొంకరులు పోవును. ఇంత తెలివిగల జాతికి రెండు గొట్టములు కలుపుట చేతగాలేదా అని విసుగుకొన్నాము. తరువాత తెలిసినది: పూర్వము చన్నీరు నేరుగా ఊరి గొట్టమునుండి వచ్చును, త్రాగదగినది, వేడినీరు అటకమీది తొట్టినుండి వచ్చును, త్రాగరానిది. రెండును కలిసినచో మంచినీరు చెడునని వేరుగా ఉంచినారు. కలరా చూచిన ఊరి జాగ్రత్త అది. ఇక చెంబు. ఎచ్చటను చెంబు లేదు. ఈ విషయమున మన దేశస్థులు పడు బాధ శ్రోతలు ఊహింపగలరు, విస్తరింపము.

ఉదయపు ఫలాహారము ఆ దేశపు హోటళ్ళకు గర్వకారణము. గ్రుడ్లు, పందిమాంసపు ముక్కలు, వేపిన టమాటా, పుట్టగొడుగులు, తీపికలిసిన ఎఱ్ఱని పులుసులో చిక్కుడు గింజలు, కాల్చిన రొట్టె, నారింజతొక్కల మురబ్బా. మేము శాకాహారులము. పళ్ళెములో సగము తీసివేసి మిగిలిన సగము రెట్టింపు పెట్టినారు. మూడవనాటికి ఆ చిక్కుడుగింజలమీద మా ఆవకాయ నూనె రెండు చుక్కలు వేసికొనుట అలవాటైనది.

రేడియో వినువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన హోటలు ఒకటి ఉన్నది. బి.బి.సి. వారి ప్రసార భవనమునకు ఎదురుగా లాంగమ్ అను మహాసౌధము. 1865లో హోటలుగా తెరచినారు. రెండవ ప్రపంచయుద్ధములో బాంబులకు దెబ్బతిన్నది. పిమ్మట చాలకాలము బి.బి.సి. వారి కచేరీలే అందులో నడచినవి. 1991లో మరల హోటలైనది. లోపల టీ ధర చూచి మేము వెలుపలినుండియే దర్శించుకొన్నాము.

సెయింట్ పాంక్రాస్ రైలుస్టేషను ముందుభాగమున నున్న హోటలు మాత్రము లోపలకు పోయి చూచినాము. ఎఱ్ఱని ఇటుక, శిఖరములు, గడియారపు గోపురము. దూరమునుండి చూచినచో రాజభవనమనుకొందురు. 1873లో తెరచిరి, 1935లో మూసిరి. తరువాత రైల్వే గుమాస్తాల బల్లలు వేసిరి. 1960ల నడుమ దీనిని పడగొట్టవలెనను ఆలోచన కూడ వచ్చినది. విక్టోరియా కాలపు కట్టడములు ఆడంబరపు కుప్పలు, కంటికి రోత అని ఆనాటి వారి అభిరుచి. సమీపముననే యూస్టను స్టేషను ముందరి గొప్ప రాతి ద్వారమును 1961లో కూల్చనారంభించినారు. పెద్దలు ఎందరు మొఱపెట్టినను ఆగలేదు. ఆ ద్వారము పోయిన పిమ్మటనే జనమునకు కనువిప్పు కలిగినది. సెయింట్ పాంక్రాస్ హోటలు 1967లో రక్షిత కట్టడమైనది. 2011లో మరల అతిథులకు తలుపులు తెరచినది. మన రాజుగారి కుళాయి తొలగిపోయినది 1964లో. మూడు నాలుగేండ్లు ఓపికపట్టి నిలిచియున్నచో అదియు బ్రతికెడిదేమో అని మాకు తోచినది. కట్టడములకు కూడ జాతకములుండునని అచట నిలుచుండి అనుకొన్నాము.

లండనులో ఏ వీధికి పోయినను ఇండ్లగోడలపై గుండ్రని నీలిఫలకములు కానవచ్చును. ఈ ఇంట ఫలానా కవి నివసించెను, ఫలానా శాస్త్రజ్ఞుడు మరణించెను అని వ్రాతలు. ఈ ఆచారమున మొదటి ఫలకమును బైరను కవి పుట్టిన ఇంటికి తగిలించినది కూడ 1867లోనే. ఆ ఇల్లును ఆ తరువాత పడిపోయినది. విజయనగరములో గురజాడ అప్పారావుగారి ఇల్లు నేటికిని నిలిచియున్నదని అచట ఒకనితో అతిశయముగా చెప్పినాము.

అటుపిమ్మట ఆక్సుఫర్డు పోయినాము. ఆ ఊరిలో కూడ మన విజయనగరము నీడ ఉన్నది. మాక్సుముల్లరు పండితుడు సాయణభాష్యముతో ప్రకటించిన ఋగ్వేదపు రెండవ కూర్పు 1890 నుండి 1892 వరకు నాలుగు సంపుటములుగా వెలువడినది. దానికి ద్రవ్యసహాయము చేసినవారు ఆనంద గజపతి మహారాజు. కుళాయి కట్టించిన విజయరామ గజపతి కుమారుడు. ఎన్నడును భారతదేశమున అడుగుపెట్టని ఆ పండితుని సమాధిని హోలీవెల్ శ్మశానవాటికలో గడ్డి నడుమ వెదకి చూచినాము. తండ్రి ఇచ్చిన నీరు ఇంకిపోయినది. కొడుకు అచ్చువేయించిన పుస్తకము లైబ్రరీలలో ఉన్నది.

ఆక్సుఫర్డులో మేము దిగినది హోటలు కాదు, ఒక వృద్ధురాలి ఇల్లు. పిల్లలు దూరదేశములకు పోగా మూడు గదులు అతిథులకు ఇచ్చి, ఉదయము ఫలాహారము తానే వండి పెట్టును. ఇంగ్లండులో ఇట్టి ఇండ్లు ఊరూర నున్నవి. అడుగుపెట్టగనే, మీరు ఏమి తినరో ముందు చెప్పండి, తినేవి తరువాత ఆలోచింతము అన్నది. మా ఇంటావిడ సంకోచించుచు చెంబు సంగతి విన్నవించినది. ఆవిడ కొంతసేపు ఆలోచించి వంటగదిలోని పిండి కొలుచు ప్లాస్టికు కొలపాత్ర తెచ్చి ఇచ్చినది. దానిమీద గీతలతో కొలతలు కూడ ఉండెను. పదునెనిమిది దినములలో మాకు జరిగిన మర్యాదలన్నిటిలో అది మొదటిది.

మేము వచ్చిన పని, లండనులో రాయి కనబడిన సంగతి రాత్రి టీ త్రాగుచు ఆవిడకు చెప్పినాము. ఆవిడ విని, అట్లైన మీరు స్టోక్ రో వెళ్ళవలసినదే అన్నది.

స్టోక్ రో అనునది చిల్టర్న్ కొండలలో ఒక చిన్న పల్లె. రెడింగు వరకు రైలులో పోయి అచటినుండి టాక్సీలో చేరినాము. పల్లె నడుమ చెట్లనీడలో ఇనుపస్తంభములపై చిన్న గుమ్మటము. గుమ్మటము క్రింద బంగారు పూత పూసిన ఏనుగు బొమ్మ. దాని అడుగున నుయ్యి. ఇంగ్లండు పల్లెలో ఏనుగేమి అని ఆశ్చర్యపడవలదు. ఈ నూతిని త్రవ్వించినది కాశీరాజు ఈశ్వరీప్రసాద నారాయణ సింహుడు. ఆ పల్లెవారికి అనావృష్టిలో నీరుండెడిది కాదు. ఇంటిలో మిగిలిన కాసిని నీళ్ళు త్రాగినందుకు ఒక తల్లి తన బిడ్డను కొట్టిన ఉదంతమును, ఆ ప్రాంతమువాడైన రీడ్ అను దొర కాశీలో ఉద్యోగము చేయు కాలమున రాజుతో ముచ్చటించినాడట. రాజు మరువలేదు. మనుష్యులు చేతులతోనే త్రవ్విన ఆ నూతి లోతు 368 అడుగులు. 1864లో అది పల్లెవారి వాడుకకు వచ్చినది. నూతి కాపరికి చిన్న ఇల్లు, నూతి ఖర్చులకు రాబడిగా చెఱ్ఱీపండ్ల తోట కూడ ఏర్పరచినారు. మన విజయరామ గజపతి కూడ కాశీలో చాలకాలము నివసించినవారే. కాశీరాజు నూతి వార్త వినియే మూడేండ్లకు లండనులో కుళాయి కట్టించినారేమో! ఇది మా ఊహ మాత్రమే.

ఇరువదవ శతాబ్దములో పల్లెకు గొట్టపునీరు వచ్చిన పిమ్మట నూతితో పని తీరినది. అయినను పల్లెవారు దానిని విడువలేదు. రంగులు వేసి, తుప్పు గీకి, గడ్డి కోసి కాపాడుకొనుచున్నారు. బల్లమీద కూర్చున్న ఒక ముసలాయన మేము భారతీయులమని గుర్తించి, తనదే ఆ నుయ్యి అన్నట్లు ఏనుగును చూపించి కథ అంతయు మొదటినుండి చెప్పినాడు. కాశీ ఎక్కడనో ఆయనకు స్పష్టముగా తెలియదు. రాజు పేరు మాత్రము తప్పులేకుండ పలికినాడు. పెద్దనగరములో కుళాయి పోవుటకు, కుగ్రామములో నుయ్యి నిలుచుటకు భేదము మాకు అప్పుడు అర్థమైనది. లండను కుళాయికి దాత ఉన్నాడు గాని, ఇది నాది అనువాడు లేడు. ఈ నూతికి ఒక పల్లె యావత్తు ఉన్నది.

సెలవు పుచ్చుకొను ఉదయమున ఆక్సుఫర్డు ఇల్లాలు మమ్ము ఒక ప్రశ్న అడిగినది. మీ ఊరు వచ్చినచో మేము ఏమి చూడవచ్చును, ఎక్కడ దిగవచ్చును అని. మొదటి సగమునకు మేము ఉత్సాహముగా జవాబు చెప్పినాము. అరసవల్లిలో ఏటికి రెండుమారులు ఉదయసూర్యుని కిరణములు మూలవిరాట్టు పాదములు తాకుట చెప్పినాము. కూర్మావతారమునకు గుడి ఉన్న శ్రీకూర్మము, గాంగరాజుల నాటి ముఖలింగము, వంశధార ఒడ్డున గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో వెలుగులోనికి తెచ్చిన శాలిహుండపు బౌద్ధస్తూపములు చెప్పినాము. 1757లో బుస్సీ ఫిరంగులకు ఎదురొడ్డి ఆడవారు, పిల్లలతో సహా అగ్నికి ఆహుతియైన బొబ్బిలి కోటను, 1891లో అచట నిలిపిన యుద్ధస్మారక స్తంభమును చెప్పినాము. 1713 నాటి మా విజయనగరపు కోటను చెప్పినాము. ఆవిడ ఒక కాగితముమీద పేర్లు వ్రాసికొన్నది.

ఎక్కడ దిగవచ్చును అన్న రెండవ సగమువద్ద మా నోరు పెగలలేదు. పట్టణములలో లాడ్జీలున్నవి, మంచివే ఉన్నవి. కాని శాలిహుండము కొండ దిగిన యాత్రికునికి, ముఖలింగములో ఒక రాత్రి నిలిచి తెల్లవారుజామున గుడి చూడదలచినవానికి, ఏమి తినరో చెప్పండి అని అడిగి పెట్టు ఇల్లు మేము చూపగలమా? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831లో తిరిగివచ్చుచు శ్రీకాకుళము, విజయనగరముల మీదుగనే పోయినారు. ఆయన యాత్రాచరిత్ర చదివినచో, ఏ మజిలీలో సత్రమున్నది, ఎచట నీరు మంచిది అని ఊరూరికి కనబడును. సత్రములు మనకు క్రొత్తవి కావు. ఆవిడతో మాత్రము, మా ఇంటనే దిగండి అన్నాము. ఆవిడ నవ్వి, అయితే కొలపాత్ర వెంట తెచ్చుకొందును అన్నది.

ఇంటికి వచ్చిన రాత్రి నాన్నగారికి ఫొటోలు చూపినాము. ముందు స్టోక్ రో ఏనుగు, ఆక్సుఫర్డు, స్టేషను హోటలు చూపి ఆలస్యము చేసినాము. వారు అన్నియు చూచి, "కుళాయి ఏటిరా, ఉన్నదా లేదా?" అన్నారు. రాతి ఫొటో చేతికిచ్చినాము. కళ్ళజోడు సవరించుకొని చాలసేపు చూచినారు. విజయనగరము పేరులోని ఇంగ్లీషు అక్షరములు ఒక్కొక్కటే వ్రేలితో లెక్కపెట్టినారు. "పోనీలే. రాయైనా వేసినారు" అని ఫొటోను తమ దిండుక్రింద పెట్టుకొన్నారు.

మరుసటి ఏడు, 2020 మే నెలలో, మన కోటలోని మోతీమహలును పడగొట్టినారు. 1869లో కట్టిన కొలువుమందిరమది. కట్టించినది ఆ విజయరామ గజపతియే. లండను కుళాయికి రెండేండ్లు చిన్నది. శిథిలమైనది, ఎప్పుడు కూలునో తెలియదు అని చెప్పినారు. ఊరిలో కొందరు బాధపడినారు. పత్రికలలో వ్రాతలు వచ్చినవి. కరోనా కట్టుబాట్లలో ఇల్లు కదలుటకు వీలులేని దినములవి. నాన్నగారు వార్త విని ఏమియు అనలేదు.

కట్టుబాట్లు సడలిన పిమ్మట ఒక సాయంకాలము వారు తామే అడిగి ఆటో పిలిపించుకొన్నారు. కోటద్వారము వద్ద దిగినాము. చేయిపట్టుకొని లోపలి వైపు చూచుచు కొంతసేపు నిలుచున్నారు. మోతీమహలు ఉండిన చోట ఆకాశము కనబడుచున్నది.

"ఇక్కడ రాయి వేసినారా?" అని అడిగినారు.

లేదు అన్నాము. వారు తల ఊపి, ఆటోవానిని గంటస్తంభము మీదుగా పోనిమ్మన్నారు.